అనుమతి అడగడం నేర్చుకున్న సూపర్‌హీరో

లాస్ ఏంజెలెస్‌లో పట్టపగలు ఒకడు తాగి బెంచీ మీద పడుకుని ఉంటాడు. ఓ చిన్న పిల్లాడు తట్టి లేపి, దొంగలు పారిపోతున్నారని చూపిస్తాడు. అతను విసుక్కునేసరికి, పెద్దవాళ్లు వాడే బూతు మాట ఒకటి ఆ పిల్లాడి నోటి నుంచే వస్తుంది. ‘హాంకాక్’ సినిమా మొదలయ్యేది ఇలా. పిల్లలకు కూడా నచ్చని సూపర్‌హీరో.

2008లో అదే వేసవిలో ‘ఐరన్ మ్యాన్’, ‘ది డార్క్ నైట్’ వచ్చాయి. వాటి గురించి జనం ఇప్పటికీ మాట్లాడుకుంటారు. పీటర్ బెర్గ్ తీసిన ఈ విల్ స్మిత్ సినిమా ప్రపంచవ్యాప్తంగా 62 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి కూడా, సెకండాఫ్ చెడిన సినిమాగానే మిగిలింది. ఆ మాట నేనూ కాదనను. కానీ ఫస్టాఫ్‌లో ఉన్న ఆలోచన చాలా సూపర్‌హీరో సినిమాల్లో కనపడదు.

ఈ నగరం హాంకాక్‌ను అపార్థం చేసుకోలేదు. జనం కోపం న్యాయమైనదే. దొంగల కారును తీసుకెళ్లి క్యాపిటల్ రికార్డ్స్ భవనం శిఖరానికి గుచ్చుతాడు. పట్టాల మీద ఇరుక్కున్న రే అనే మనిషిని కాపాడటానికి రైలుకు అడ్డంగా నిలబడి, ఆ రైలునే నుజ్జు చేస్తాడు. కారును పైకి ఎత్తితే సరిపోయేది కదా అని చుట్టూ ఉన్నవాళ్లు నిలదీస్తారు. చాలా మామూలు ప్రశ్న, అతని దగ్గర జవాబు లేదు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టే రకం సాయం అతనిది. మన సినిమాల్లో ఫైట్ జరిగితే ఎన్ని కూరగాయల బండ్లు బోల్తా పడతాయో లెక్కే ఉండదు. ఆ బండివాడు మర్నాడు ఏం తిన్నాడో ఏ హీరో అడగడు. ఈ సినిమా ఆ బండివాడి వైపు నుంచి మొదలవుతుంది.

ఇది చూసినప్పుడల్లా నాకు బాల హనుమంతుడు గుర్తొస్తాడు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఆయన మునుల ఆశ్రమాల మీద పడి యజ్ఞ పాత్రలు విరగ్గొడతాడు, నారచీరలు చింపేస్తాడు. తల్లిదండ్రులు వారించినా ఆగడు. చివరికి మునులు, మరీ కోపం తెచ్చుకోకుండానే, నీ బలం నీకు చాలాకాలం తెలియకుండా పోవాలని శపిస్తారు. ఎవరో గుర్తు చేసేదాకా ఆ బలం నిద్రపోవాలి. సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తు చేసే నాటికి అల్లరి పోయింది, వినయం వచ్చింది. హాంకాక్‌ది తిరగబడిన కథ. బలం గుర్తుంది, తానెవరో గుర్తులేదు. శపించి ఆపగల ముని కూడా లేడు.

అందుకే జైలు సన్నివేశాలు నాకు అంత ఇష్టం. ప్రాణాలతో బయటపడ్డ రే (జేసన్ బేట్‌మన్) పని జనంలో కంపెనీలకు మంచి పేరు తెచ్చిపెట్టడం. అతని సలహా ఒకటే: నువ్వే వెళ్లి జైల్లో కూర్చో, నువ్వు లేని లోటు ఊరికి తెలియాలి. తలుచుకుంటే ఒక్క గుద్దుతో కూల్చగల గోడల మధ్య అతను కూర్చుంటాడు. ఖైదీలంతా గుండ్రంగా కూర్చుని మనసు విప్పే చోట, తన వంతు వచ్చినప్పుడల్లా నోరు మెదపడు. అన్నాళ్ల మౌనం తర్వాత నాలుగు మాటలు మాట్లాడితే మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. ఇదే జైల్లో ఇద్దరు ఖైదీలను అవమానించే ఒక మోటు కామెడీ సీన్ కూడా ఉంది. అది లేకుంటే సినిమా గౌరవం పెరిగేది.

బయటికొచ్చాక బ్యాంకు దోపిడీ దగ్గర తుపాకుల మధ్య చిక్కుకున్న పోలీసు అధికారిణిని ఎత్తుకుని తీసుకెళ్లాలి. తాకడానికి ముందు ఆమె అనుమతి అడుగుతాడు. థియేటర్ నవ్వుతుంది. నాకైతే సినిమా మొత్తం ఆ ప్రశ్నలో ఉంది. అప్పటిదాకా ఎవరినీ ఏదీ అడగకుండా ఆకాశం నుంచి ఊడిపడ్డ మనిషి, మొదటిసారి ఆగి అడిగాడు.

ఆ తర్వాత కథ దారి తప్పుతుంది. రే భార్య మేరీ (షార్లీజ్ థెరాన్) కూడా అదే జాతికి చెందిన శక్తిమంతురాలని, వేల ఏళ్లుగా ఇద్దరూ జంట అని, దగ్గరగా ఉంటే ఇద్దరి బలమూ తగ్గిపోతుందని తెలుస్తుంది. జనానికీ హీరోకీ మధ్య మొదలైన తగువు విధిరాతగా మారిపోతుంది. విధిని జవాబు అడగలేం, మనిషిని అడగగలం. నాకున్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

ఇంకొకటి మరీ బాధ. సినిమా కథ జరిగే కాలానికి ఎనభై ఏళ్ల ముందు మయామీలో ఎవరో దాడి చేస్తే హాంకాక్ జ్ఞాపకం పోయింది. అతను నల్లవాడు, మేరీ తెల్ల స్త్రీ. ఆ కాలపు ఫ్లోరిడాలో అలాంటి పెళ్లి చట్టవిరుద్ధం, 1967లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అలాంటి చట్టాలు నడిచాయి. దాడి చేసింది ఎవరు, ఎందుకు అన్నది సినిమా ఒక్క మాటలో కూడా చెప్పదు. చెప్పి ఉంటే, జనమంటే అతనికి ఎందుకంత చిరాకో మనకు మరోలా అర్థమయ్యేది.

ఆసుపత్రిలో కళ్లు తెరిచిన రోజు గురించి హాంకాక్ ఒకచోట చెబుతాడు. తన కోసం ఎవరూ రాలేదట. ఒక్కరు కూడా రాలేదంటే తానెంత చెడ్డవాడై ఉండాలో అని అప్పటినుంచీ అదే ఆలోచన. జేబులో ఉన్నవి బబుల్‌గమ్, బోరిస్ కార్లోఫ్ నటించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమా టికెట్లు. టికెట్లు రెండు ఉన్నాయి.