విగ్గుల బీరువా గారికి బహిరంగ లేఖ

అయ్యా విగ్గుల బీరువా గారూ,

మీరు అరుదైన ఫ్రెంచి పాతకాలపు సరుకనీ, మీ ధర అడగాలంటే గొంతు తగ్గించాలనీ తెలుసు. అయినా అడుగుతున్నా. ఒక బట్టతలని దాచడానికి అంత మంచి కలప, అన్ని నగిషీలు, పైగా తాళంచెవి కూడానా?

1624 ప్రాంతంలో మీ ఫ్రాన్సు రాజు 13వ లూయీకి జుట్టు ఊడింది. పాతికేళ్లయినా నిండని కుర్రాడు, పాపం, విగ్గు పెట్టాడు. అక్కడితో ఆగితే అది ఆయన ఇంటి గొడవ. కానీ రాజుగారి నెత్తిన ఉన్నది దర్బారులో అందరి నెత్తికీ ఎక్కాలి కాబట్టి, నిక్షేపంలాంటి జుట్టున్నవాళ్లు కూడా గుండు గీయించుకుని పల్లెటూరి ఆడపిల్లల దగ్గర కొన్న జుట్టుతో అల్లినవి తగిలించుకున్నారు. కొడుకు 14వ లూయీ 1673లో విగ్గులు చేసేవాళ్లకి విడిగా సంఘమే పెట్టించాడు. రోజుకి నాలుగైదు మార్చేవాడట. వెర్సాయ్ కోటలో వాటికో గది!

1755లో 15వ లూయీ ఆ గదినీ పక్కనున్న మంత్రాలోచన గదినీ కలిపి ఒకటి చేశాడు. అంటే విగ్గులుండే చోటే మంత్రులు కూర్చుని సలహాలివ్వడం మొదలైంది. పెద్ద తేడా ఎవరికీ తెలిసుండదు లెండి.

నాకు అసలు మంట ఆ విగ్గుల మీద చల్లే తెల్ల పౌడర్ దగ్గర. ఆ తెల్లదనం గోధుమల నుంచి తీసిన గంజిపొడిది. అది చల్లేటప్పుడు కళ్లలో పడకుండా దొరగారు మొహానికి కాగితం గొట్టం పెట్టుకుని కూర్చునేవారు. 1775లో రొట్టె ధర పెరిగి జనం వెర్సాయ్ దాకా వచ్చి గోల చేస్తే సైన్యాన్ని దింపారు, దానికి పిండి యుద్ధం అని పేరు. ఆకలితో వచ్చినవాడు ఆ తెల్లటి నెత్తులు చూసి ఏమనుకున్నాడో మీరే ఊహించుకోండి. తర్వాత ఫ్రెంచి విప్లవం వచ్చి విగ్గుల్ని, కొన్నిచోట్ల కిందున్న తలల్ని కూడా తీసేసింది. (ఆ విప్లవాన్ని నడిపిన రోబెస్పియర్ గారే చివరిదాకా పౌడర్ మానలేదు, అది వేరే సంగతి.)

విగ్గులు మాత్రం పోలేదండీ. మా తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి, దేశాలు దాటి, విగ్గులవుతూనే ఉన్నాయి. మీలాంటి బీరువాలే లేవు, ఇప్పుడన్నీ అట్టపెట్టెలు.

మిమ్మల్ని కొన్నవాళ్లు లోపల ఏం పెట్టుకుంటారో వాళ్లిష్టం. వాళ్లది నిజంగానే బట్టతల అయితే మటుకు, మీ పక్కన నిలబడి ఫొటో దిగొద్దని చెప్పండి, గుట్టు రట్టవుతుంది.

ఇట్లు,
దాచడానికి వెంట్రుక కూడా మిగలని ఒకడు