హీరామండీలో వజ్రాలెక్కడివి?

"హీరామండీ" వెబ్ సిరీస్ పుణ్యమా అని, లాహోర్‌లో ఆటపాటలే వృత్తిగా బతికిన తవాయిఫ్‌ల పేట హీరామండీ గురించి ఇప్పుడు ప్రతివాడూ చరిత్రకారుడే. "వజ్రాల్లాంటి ఆడవాళ్ళుండేవారు కాబట్టి ఆ పేరొచ్చింది" అని ఒకాయన పోస్టు పెడితే అందరూ ఆహా ఓహో.

అబ్బే! ఆ హీరా వజ్రం కాదు, ఓ మనిషి. 1843-44లో సిక్కు రాజ్యానికి వజీరుగా చేసిన హీరా సింగ్ డోగ్రా. ఆయన పేరు మీద వెలిసిన ధాన్యం బజారు అది. పేట అసలు పేరు షాహీ మొహల్లా. కోటకు కూతవేటు దూరం. మొఘల్ దర్బారులో ఆడేవాళ్ళూ పాడేవాళ్ళూ, వాళ్ళ తబలా, సారంగీ ఉస్తాదులూ కోట పక్కన కాక ఇంకెక్కడుంటారు? తవాయిఫ్ అనిపించుకోవాలంటే కథక్ నాట్యం రావాలి, ఠుమ్రీ పాట రావాలి, ఉర్దూ కవిత్వం నోటికుండాలి. సిక్కు మహారాజు రంజిత్ సింగ్ మోరాన్ అనే నర్తకిని ఏకంగా పెళ్ళే చేసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండేది "కాలక్రమంలో దిగజారింది" అన్న మాట వింటే. దానంతటది కూలడానికి అదేమన్నా మట్టిగోడా? 1849లో ఇంగ్లీషువాళ్ళు పంజాబును కలిపేసుకున్నారు. దర్బారు పోయింది, దాంతోపాటే పోషణా పోయింది. 1864 కంటోన్మెంట్ చట్టంతో, సోల్జర్లకు రోగాలు అంటకుండా ఆడవాళ్ళను రిజిస్టర్లకెక్కించి పరీక్షలు పెట్టారు. ఆ దొరల కళ్ళకు గజల్ పాడేదీ ఒళ్ళమ్ముకునేదీ ఒకటే. 1947లో హిందూ, సిక్కు షావుకార్లు సరిహద్దు దాటిపోయారు. గొంతున్నవాళ్ళు కొందరు సినిమాల్లో తేలారు. మిగిలినదాని పని పాకిస్తాన్ సైనిక పాలకుడు జియా ఉల్ హక్ జమానా పట్టింది.

అలాగని జలతారు పరికిణీల భజన కూడా నాకు పడదు. ముక్కెర తీసే తంతు అని ఒకటుండేది. చిన్నపిల్ల మొదటి రాత్రికి డబ్బున్నవాడితో బేరం! దానికి షాండ్లియర్ల వెలుగు కొట్టి కళ అంటే ఎలా?

ఇంతకీ మనమేం తక్కువ? సాని అన్న మాట స్వామిని నుంచి వచ్చింది. ముందు దొర చేరితే మర్యాద, విడిగా అంటే బూతు. ఆ వజ్రాల పోస్టు కింద "ఆధారం ఏంటండీ" అని ఒకమ్మాయి అడిగింది. ఆమెకు పడ్డ మొదటి జవాబు ఆ మాటే.