కొత్త కంప్యూటర్‌లో డిస్‌ప్లే రాకపోతే తప్పెవరిది?

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడాది. దాచుకున్న డబ్బుకు వాళ్ల నాన్న మరికొంత కలిపితే, ఒక్కో భాగం కొనుక్కొచ్చి ఇంట్లోనే కంప్యూటర్ అసెంబుల్ చేశాడు. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’. మదర్‌బోర్డు అంచున ర్యామ్‌కు సంబంధించిన చిన్న దీపం అలా వెలుగుతూనే ఉంది. ఒక నిమిషం చూసి ఆపేశాడు. ర్యామ్ తీసి మళ్లీ పెట్టి, ఆన్ చేసి, ఇంకో నిమిషం చూసి మళ్లీ ఆపేశాడు. మూడు గంటలు ఇదే తంతు. షాపుకు ఫోన్ చేస్తే, ‘మేమిచ్చినవన్నీ సీల్డ్ పీసులే, పెట్టడంలో మీరే ఏదో చేశారు’ అన్నారు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

చివరికి విసుగొచ్చి ఆపకుండానే భోజనానికి లేచాం. తిని వచ్చేసరికి కంప్యూటర్ ఆన్ కాగానే మొదట రావాల్సిన బయోస్ (సెట్టింగుల) స్క్రీన్ కనిపించింది. డీడీఆర్5 రకం ర్యామ్ వాడే, ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేసిన ఏఎం5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రెయినింగ్ చేసుకుంటాయి. ర్యామ్‌తో ఏ టైమింగ్‌లో, ఏ వోల్టేజీలో పనిచేస్తే తప్పులు రావో బోర్డు తనంతట తాను సరిచూసుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మావాడు ఆపేసిన ప్రతిసారీ ఆ పని మళ్లీ మొదటికొచ్చింది. కొన్ని బోర్డులకు ర్యామ్ స్లాట్ల మీదే ఈ విషయం స్టిక్కర్‌గా అంటించి పంపారు. ప్రతి బోర్డు మీదా ఉండాల్సిన స్టిక్కర్ అది.

సొంతంగా అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్ ఆన్ కాకపోతే అందరూ ముందు వేలెత్తి చూపేది చేసినవాడినే. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, కాదనను. ప్రాసెసర్‌కు కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్ బోర్డు పైమూలన ఉంటుంది. 24 పిన్నుల పెద్ద కేబుల్ పెట్టి, దీన్ని మరిచిపోయేవాళ్లు ఎందరో. గ్రాఫిక్స్ కార్డు ఉండగా మానిటర్ కేబుల్‌ను బోర్డుకు గుచ్చుతారు. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి ఆ పోర్టులోంచి ఎప్పటికీ బొమ్మ రాదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన పెట్టేస్తారు. ఇవన్నీ పది నిమిషాల్లో దొరికే తప్పులు.

అప్పటికీ రాకపోతే బోర్డును కేబినెట్‌లోంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టాలి. ప్రాసెసర్, దాని కూలర్, ఒక్క ర్యామ్, అన్నిటికీ కరెంటిచ్చే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ ఉంటే చాలు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కూడా. అక్కడ డిస్‌ప్లే వస్తే, తేడా కేబినెట్‌లోనో, బోర్డు కింద తగులుతున్న ఏ స్టాండ్ఆఫ్‌లోనో (బోర్డును ఎత్తిపట్టే చిన్న ఇత్తడి కాలు), పక్కన పెట్టిన భాగాల్లోనో ఉన్నట్టు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ర్యామ్ మార్చి, అదే ఊపులో కేబుల్ మార్చి, బయోస్ రీసెట్ చేసేస్తే, కంప్యూటర్ ఆన్ అయినా దేనివల్ల అయిందో తెలియదు. నెల తర్వాత అదే జబ్బు తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. మన మెకానిక్కులు ర్యామ్ కాంటాక్టులను రబ్బరుతో తుడిచి పెడతారు. పాత మిషన్లకు అది మంచి వైద్యమే. కొత్త ర్యామ్ మీద తుడవడానికి మురికే ఉండదు. అక్కడ పనిచేసేది రబ్బరు కాదు, తీసి మళ్లీ గట్టిగా నొక్కడం.

ఇంతవరకూ ఓపిక ఉంటే ఎవరైనా చేయగలరు. ఆపైన చేయాలంటే ఓపిక ఒక్కటే చాలదు, మార్చి చూడటానికి అలాంటిదే ఇంకో భాగం కావాలి. ర్యామ్‌లు రెండుంటాయి కాబట్టి ఒకటి తీసి ఒకటి పెట్టి చూడొచ్చు. బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ ఇంటికి ఒక్కొక్కటే. ఎస్‌ఎంపీఎస్ పెద్ద కనెక్టర్‌లోని ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి ఫ్యాన్ తిరిగిందని సంబరపడితే లాభం లేదు. అది ఆన్ అవుతుందని మాత్రమే తెలుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు లోడు పడ్డాక నిలబడుతుందో లేదో తెలియదు. ఇంట్లో చేసుకున్నవాడికి కొరత నైపుణ్యంలో లేదు. పోల్చి చూడటానికి మంచిదని తెలిసిన మరో భాగం లేకపోవడంలో ఉంది.

ఆ కొరత ఎంత దూరం తీసుకెళ్తుందో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల విషయంలో చూశాం. గేములు మధ్యలో ఆగిపోయేవి. ‘వీడియో మెమరీ చాలదు’ అని మెసేజ్ వచ్చేది. అది చూసినవాళ్లు ఎవరైనా ముందు గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. 2024 జులైలో ఇంటెల్ అసలు సంగతి ఒప్పుకుంది. ప్రాసెసర్‌ను లోపలి నుంచి నడిపించే మైక్రోకోడ్ అనే ప్రోగ్రామ్‌లోని లోపం వల్ల ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోంది. దాన్ని సరిచేయడానికి ఆగస్టులో 0ఎక్స్129 అనే అప్‌డేట్ ఇచ్చారు. వారంటీని మరో రెండేళ్లు పెంచారు. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. కొత్త ప్రాసెసర్ చెడిపోవడం అరుదు కాబట్టి దాన్ని చివర్లో అనుమానించమనేది అందరం చెప్పే సలహా. ఆ సలహా నమ్మినవాళ్లే తప్పు ఎక్కడుందో తెలియక ఎక్కువ తిరిగారు.

మన దగ్గర దీనికి వారంటీ గొడవ తోడవుతుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎన్నో ఏళ్లుగా పిన్నులు ప్రాసెసర్‌కు కాక, అది కూర్చునే సాకెట్‌లోనే ఉన్నాయి. 2022లో ఏఎం5తో ఏఎండీ కూడా అదే దారి పట్టింది. ఆ సాకెట్‌లో 1,718 సన్నటి పిన్నులు. ఒక్కటి వంగినా సర్వీస్ సెంటర్ ‘ఫిజికల్ డ్యామేజ్’ అని రాసి వెనక్కి పంపుతుంది. పిన్ను పెట్టెలోనే వంగి వచ్చిందా, మన చేతిలో వంగిందా అన్నదానికి సాక్ష్యం ఏదీ? మావాడి క్లాస్‌మేట్ బోర్డు అలాగే తిరిగొచ్చింది. అందుకే సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయగానే దగ్గర్నుంచి ఫొటో తీయమని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. ఆ మూతనూ పారేయొద్దు, వారంటీకి పంపేటప్పుడు అది కావాలి.

18 శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు లేకుండా కొనేవాళ్లు మరీ ఇబ్బంది పడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వకపోయినా అంతే. ఫిర్యాదుకు 1915 నంబరుంది. కానీ లోపం ఉందని తేల్చి చెప్పేదెవరు? బోర్డు ఒకచోట, ప్రాసెసర్ ఇంకోచోట, ర్యామ్ ఆన్‌లైన్‌లో కొన్నవాడికి ముగ్గురూ మిగతా ఇద్దరి వైపే చూపిస్తారు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వరసగా షాపులే. ఏ కౌంటర్ వెనక చూసినా మార్చి చూడటానికి పనికొచ్చే బోర్డులూ, ఎస్‌ఎంపీఎస్‌లూ ఉంటాయి. మనం ఇంట్లో చేయలేని ఆ ఒక్క పరీక్షకు అక్కడ అరగంట పడుతుంది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఒకేచోట కొన్నవాళ్లకు కౌంటర్ మీదే అమర్చి, డిస్‌ప్లే చూపించి, సీరియల్ నంబర్లు బిల్లు మీద రాసి ఇవ్వడం ఆనవాయితీ కావాలి. కొన్ని షాపులు అడిగితే ఇప్పటికే చేస్తున్నాయి. రెండొందలో మూడొందలో ఎక్కువైనా, నేనైతే ఆ షాపులోనే కొంటాను.