42 నంబర్ జెర్సీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 42 నంబర్ జెర్సీ గారి సముఖానికి,

హనుమకొండ నుంచి నమస్కారాలు. మొన్న ఆడపిల్లల కబడ్డీ పోటీలకు తమరు వేంచేసిన వైభవం ఇంకా కళ్ల ముందే ఉంది. విజిల్‌కు పావుగంట ముందు మూట విప్పితే పన్నెండుకు పన్నెండూ తమరే. 34 సైజు లేదు, 36 లేదు. "అన్నీ ఒకటే సైజు వచ్చినయమ్మా, జర అడ్జస్ట్ చేసుకోండ్రి" అన్నాడు తెచ్చినాయన. మగపిల్లల జట్టుకేమో పది రోజుల ముందే వాట్సాప్‌లో సైజులు అడిగి, వెనక పేర్లు కూడా కొట్టించారు. తమరు ఆ జట్టుకు తెప్పించగా మిగిలిన సరుకో, నిరుడు అమ్ముడుపోని సరుకో తెలియదు. పుట్టుపూర్వోత్తరాలు అడగడం మర్యాద కాదు కదా.

తమర్ని ఆర్డర్ పెట్టేవాళ్ల లెక్క గొప్పది. పెద్ద జెర్సీ చిన్నవాళ్లకు పడుతుంది, చిన్నది పెద్దవాళ్లకు పట్టదు, కాబట్టి అందరికీ పెద్దదే తెప్పిస్తే లొల్లి ఉండదు. పట్టడమంటే తల దూరడం అనుకుంటున్నారు, అంతే తేడా.

42 అంటే ఛాతీ చుట్టు 42 అంగుళాలు. ఆ పిల్లల్లో చాలామందికి టేపు పెడితే 30కి, 34కి మధ్య తేలుతుంది. అదనపు బట్ట ఒంటి చుట్టూ ఊరికే తిరుగుతుంటుంది. అదైనా నయం, అసలు తంటా భుజం దగ్గర. తమరి భుజం దాదాపు 18 అంగుళాలు, పిల్లది 14. భుజం ఎముక మీద ఉండాల్సిన కుట్టు రెండేసి అంగుళాలు జారి జబ్బ మీద కూర్చుంటుంది. చెయ్యి ఎత్తితే జెర్సీ మొత్తం లేస్తుంది. చేతుల్లేని రకమైతే చంక కింద సందు పెద్దదై పక్క నుంచి లోపలిదంతా కనబడుతుంది. కూతకెళ్లి రైడ్‌లో వంగితే మెడ తెరుచుకుంటుంది. మొన్న ఒక రైడర్ ఒక చేత్తో మెడ దగ్గర బట్ట అదిమిపట్టుకుని, రెండో చేత్తో టచ్ కోసం చూసింది. ఒక చెయ్యి కట్టేసి పంపితే ఏ రైడర్ పాయింటు తెస్తుంది?

ఇక పట్టు సంగతి. రైడర్‌ను కాళ్లూ చేతులూ నడుమూ మొండెమూ పట్టుకుని ఆపాలి గానీ జుట్టు, బట్ట పట్టి ఆపకూడదు. కానీ నడుము పట్టబోయిన చేతికి ముందు తమరే గుప్పెడు దొరుకుతారు. ఆగింది నడుముకో బట్టకో రిఫరీకి ఆ గుంపులో కనపడదు. పైగా రైడర్ బట్ట తగిలినా టచ్ కిందే లెక్క. అంటే ఆ ఆటలో బట్ట కూడా ఒంట్లో భాగమే.

పోనీ లోపలికి దోపుకుందామంటే వెనక అంకె సగం షార్ట్‌లోకి పోతుంది. 8 కాస్తా 0 అవుతుంది, స్కోరు రాసేవాళ్లు తలగోక్కుంటారు. నడుము దగ్గర మడిచి రబ్బరు బ్యాండు వేస్తే, వెల్లకిలా పడినప్పుడు ఆ ముడి వెన్నెముకకు గుచ్చుకుంటుంది. పిన్నీసు పెడితే ఎవరి అరచేతిలోనో దిగుతుంది. టైలర్ దగ్గరికి తీసుకెళ్తే మామూలు మిషన్ సూది తమరి సాగే పాలిస్టర్ మీద కుట్లు వదిలేస్తుంది. దానికి మొన గుండ్రంగా ఉండే సూది కావాలి, ఓవర్‌లాక్ మిషన్ కావాలి. సాదా కుట్టు వేస్తే మొదటి డైవ్‌లోనే పటపటా తెగుతుంది. అయినా పక్కలు పట్టినంత మాత్రాన భుజం సరికాదు. చేతులు ఊడదీసి, భుజం కత్తిరించి, మళ్లీ ఎక్కించాలి. అంతకంటే కొత్తది కుట్టడమే సులువని ఏ టైలరైనా చెబుతాడు.

ఆడవాళ్లకు కొలత తీయడం ఆటల లోకానికి రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. కబడ్డీ కోర్టు మగవాళ్లకు 13 మీటర్ల పొడవు, 10 వెడల్పు. ఆడవాళ్లకు 12, 8. వాలీబాల్ నెట్ 2.43 మీటర్లకు బదులు 2.24. జావెలిన్ 800 గ్రాములకు బదులు 600. హర్డిల్ ఎత్తు 1.067 మీటర్లకు బదులు 0.838. తగ్గించేచోట మిల్లీమీటరు కూడా వదలలేదు. బట్ట దగ్గరికి వచ్చేసరికి టేపు పోయింది.

తమరి చుట్టాలు పై స్థాయిలోనూ ఉన్నారు. మగ క్రికెట్ జట్టు యూనిఫారాలనే కత్తిరించి మళ్లీ కుట్టి ఆడ జట్టుకు ఇచ్చేవారని, బీసీసీఐని నడిపిన నిర్వాహకుల కమిటీకి అధ్యక్షుడిగా పనిచేసిన వినోద్ రాయే 2022లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ ఆడ జట్టే 2025 నవంబర్ 2న దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ ఎత్తింది. మ్యాచ్ ఫీజులు సమానం చేశామని 2022 అక్టోబర్‌లో చాటారు. ఏడాది కాంట్రాక్టులు మాత్రం మగవాళ్లకు కోట్లల్లో, వీళ్లకు లక్షల్లో. సరే, ఆ పాపం తమరిది కాదు.

ఇగ చాలు. మర్యాద ఎక్కువైంది.

నువ్వు లూజుగ ఉంటేనే పద్ధతి అంటరు సూడు, గదీ నాకు మండేది. పిల్ల తన కొలతకు సరిపొయ్యే 34 ఏసుకుంటే "ఏంది గంత టైటు" అంటరు. పక్క కోర్టుల పోరడు చెమటకు బనీను ఇప్పి నడుముకు సుట్టుకుంటడు, వాని పద్ధతి ఎవ్వలకు యాదికి రాదు. పద్ధతి కోసం ఇచ్చిన నువ్వే వంగితె మెడ కాడ, చెయ్యెత్తితె చంక కాడ తెరుసుకుంటివి. ఇంకేం పద్ధతి?

సముద్రం అవతల దీనికి ఉల్టా. 2021ల బీచ్ హ్యాండ్‌బాల్‌ల నార్వే ఆడోళ్లు బికినీకి బదులు షార్ట్ ఏసుకున్నరని 1,500 యూరోల జరిమానా ఏసిన్రు. బికినీ పక్క వెడల్పు 10 సెంటీమీటర్లు దాటొద్దని రూలు ఉండె. సూపెట్టాల్నంటె గట్ల టేపు బయటికొస్తది. కప్పాల్నంటె నీ అసుంటి గోనెసంచి వస్తది. ఆడేటామె ఊపిరికి, ఉరుకుడికి కొలత తీసినోడు రెండు దిక్కులా లేడు.

ఉరుకుడంటే యాదికొచ్చింది. 2021 సెప్టెంబర్‌ల ఈ హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ట్రాక్ మీదనే హర్‌మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4:05.39ల ఉరికి, 2002 నుంచి సునీతా రాణి పేరు మీదున్న జాతీయ రికార్డు కొట్టింది. తేడా 0.64 సెకను. నువ్వు ఆమె ఒంటి మీద పటపట కొట్టుకుంట ఉంటె ఆ ముప్పాతిక సెకను కూడ లేని తేడా ఏడ మిగులు?

1934ల అజంజాహి బట్టల మిల్లు పెట్టిన వరంగల్‌కు ఆనుకున్న ఊరు ఇది. గీసుగొండ దిక్కు పోతె మెగా టెక్స్‌టైల్ పార్కు, ఇంకో దిక్కు దూరం పోతె లక్షల బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్ల. బట్టకు కరువు లేదు. కానీ చీరకు సైజు అక్కెర లేదు, గెలిచొస్తె కప్పే శాలువాకు సైజు అక్కెర లేదు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022ల, 2023ల బాక్సింగ్‌ల ప్రపంచ చాంపియన్ అయింది. గసుంటోళ్లకు కట్టే ఫ్లెక్సీ ఎన్ని ఫీట్లుండాల్నో చౌరస్తాల ఎవ్వలను అడిగినా చెప్తరు.

షూ సంగతి ఇంకో ఉత్తరం రాయాలె. ఆరో నంబర్ కన్న తక్కువ లేదని రెండు జతల సాక్సులు తొడిగి మ్యాట్ మీదికి పంపితె, మర్లినప్పుడు పాదం లోపట్నే జారి మడిమ మెలివడుతది. తెల్ల షార్ట్ ఇచ్చేటోళ్లకు నెలలో ఐదు రోజుల సంగతి తెల్వదా? అన్నీ తెల్లబట్టలే ఉండాలనే వింబుల్డనే 2023ల ముదురు రంగు లోపలి షార్ట్ ఒప్పుకున్నది.

తీసేది నాలుగు కొలతలు: ఛాతీ, భుజం, నడుము, పొడుగు. మనిషికి రెండు నిమిషాలు. ఛాతీ కొలత స్పోర్ట్స్ బ్రా ఏసుకున్నంక, ఊపిరి నిండ పీల్సినంక తియ్యాలె, రెండు మూడు అంగుళాలు కలపాలె. టేపు పట్టేది ఆడమనిషి కావాలె, లేకుంటె పిల్ల ముడుసుకుంటది, భుజం కొలత తప్పొస్తది. ఆర్డర్‌ల 32, 34, 36 అని పేరు పేరునా రాయాలె. గింతే పని.

ఇగ నిన్నేం చెయ్యాల్నో కూడ ఆలోచించిన. చెమట పడితె మ్యాట్ జారుతది, తుడువనీకి గుడ్డ కావాలె, వెడల్పు సూస్తె నువ్వే యాదికొస్తివి. కానీ పాలిస్టర్‌వి, చెమట పీల్సవు. ఇటు నుంచి అటు నెడుతవు గంతే. గా పనికి కూడ రావు.

ఇట్లు,
34 నంబర్ వాళ్లు