కత్తెర ఎక్కడ పెట్టావురా?

చిన్న పుస్తకాల షాపులో ఆవిష్కరణ సభ పెట్టాలంటే రచయిత, నలుగురు వక్తలు, నలభైమంది శ్రోతలు ఉంటే చాలనుకుంటారు కొత్తవాళ్ళు. పది సభలు చేసిన షాపువాళ్ళని అడగండి, ముందు కత్తెర ఉందా అంటారు. ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి కౌంటర్ మీద, బిల్లు పుస్తకం పక్కనే, నారింజరంగు పిడులతో కళకళలాడుతూ ఉంటుంది. దాని అసలు అవసరం పడేది ఆరున్నరకి, వేదిక మీద. అప్పటికి అది ఉండదు.

ముందు తారీఖు సంగతి. ఆగస్టు 29 పెట్టుకోకండి. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు ముఖ్య అతిథి అనదగ్గ ప్రతి మనిషికీ మూడు సభలుంటాయి, మీది నడిమిది. మొదటి సభలో కప్పిన శాలువాతో వచ్చి, మూడో సభ కోసం వాచీ చూసుకుంటారు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ రోజుల్లో పాఠకుడి జేబు అక్కడ ఖాళీ అయ్యాకే మీ గుమ్మం తొక్కుతుంది. షాపు మొదటి అంతస్తులో ఉంటే పద్దెనిమిది మెట్లున్నాయని కార్డు మీదే వేయడం మర్యాద. తెలుగు సాహిత్యం ప్రస్తుతం మోకాళ్ళ నొప్పుల వయసులో ఉంది.

కార్డు మీద 5:30 అని వేసి, సభ 6:15కి మొదలుపెడతారు. ఈ ముప్పావుగంట మర్మం ఊరందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్కడే, కూకట్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి 5:10కే దిగిపోతాడు. పక్క సందులో ఉండే ఆయన 6:50కి వచ్చి ముందు వరసలో కూర్చుంటారు.

ఇక కుర్చీలు. చక్రాల ర్యాకులన్నీ గోడలకి తోసేస్తే 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు చోటు దొరికిందనుకోండి. వేదికకి 5 అడుగులు పోను లోతు 10 మిగులుతుంది. నడవడానికి 3 అడుగులు వదిలితే వెడల్పు 17. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ 18 అంగుళాలు, కాబట్టి వరసకి 11. వరసకీ వరసకీ 3 అడుగుల చొప్పున మూడు వరసలు, మొత్తం 33. కాగితం మీద చక్కగా ఉంది కదా, సప్లయ్ కంపెనీవాడు చేతులున్న కుర్చీలు దింపిపోతాడు. అవి ఒక్కోటి 23 అంగుళాలు. వరసకి 8, వెరసి 24. షాపు ఓనరు ఫోన్లో కేకలేస్తాడు కానీ, నిజానికి ఆ కుర్చీలవాడు చేసింది ఉపకారం. 33 కుర్చీల్లో ఇరవైమంది కూర్చుంటే ఫొటోలో సంతాప సభలా కనిపిస్తుంది. 24 కుర్చీల్లో అదే ఇరవైమంది, వెనక నలుగురు నిలబడితే కిక్కిరిసిన సభ. అనుభవం ఉన్న షాపువాళ్ళు చేతుల్లేని కుర్చీలు తెప్పించినా 24 మాత్రమే వేసి, మిగతావి మెట్ల కింద దాస్తారు.

పుస్తకాలు ప్రెస్సు నుంచి సరిగ్గా సభ రోజు సాయంత్రం నాలుగున్నరకే వస్తాయి. నెల ముందు మేటర్ ఇచ్చినా అంతే, వారం ముందు ఇచ్చినా అంతే. 160 పేజీల డెమ్మీ సైజు, అంటే మామూలు నవల సైజు పుస్తకం సుమారు 190 గ్రాములు తూగుతుంది. 40 పుస్తకాల కట్ట ఏడున్నర కిలోలు, దానికి అడ్డంగా నిలువుగా గట్టి ప్లాస్టిక్ పట్టీ. ఇక్కడ కత్తెర మొదటిసారి లేస్తుంది. పట్టీ తెంపగానే పై పుస్తకం అట్ట అప్పడంలా పైకి లేస్తుంది. రచయిత గుండె గుభేలుమంటుంది. వానాకాలమైతే ఇది మామూలే. అట్టకి లామినేషన్ పైవైపే ఉంటుంది. లోపలివైపు కాగితం గాలిలో తేమ పీల్చుకుని సాగుతుంది, పైన ప్లాస్టిక్ పొర సాగదు. ఆ గుంజులాటలో అట్ట బయటికి వంగుతుంది. వెన్నులు ఒకటి అటూ ఒకటి ఇటూ వచ్చేలా పేర్చి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి. రాత్రంతా ఎక్కడుంది? గంటన్నర ఉంది. కాబట్టి రెండు నిఘంటువులు పెట్టి, వాటి మీద కుర్రాణ్ణి కూర్చోబెడతారు.

ఆ తర్వాత కత్తెర బ్యానర్ దగ్గరికి వెళ్తుంది, పురికొస కోయడానికి. అక్కణ్ణుంచి శాలువాల దగ్గరికి, ధర చీటీలు తీయడానికి. ఈ చీటీలు తీయడం మర్చిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అధ్యక్షులవారి వీపు మీద 240 రూపాయలని రెండు గంటలు వేలాడుతుంది. శాలువాల నుంచి మళ్ళీ పుస్తకాల దగ్గరికి, రెండో కట్ట విప్పడానికి. రెండో కట్టలో పది తీసి, మిగతా ముప్పై చెదిరిపోకుండా అట్టపెట్టెలో పెట్టి, పైన బ్రౌన్ టేపు వేసి, బల్ల కిందికి తోస్తారు. ఈ పెట్టెని గుర్తుపెట్టుకోండి.

ఆవిష్కరించే ప్రతుల్ని రంగు కాగితంలో చుట్టడం ఒక కళ. వేదిక మీద ఏడుగురుంటే ఏడు పొట్లాలు. కాగితం వదులుగా చుట్టాలి. టేపు గోరంత ముక్క, ఒక్కచోటే. రిబ్బను కొస లాగితే ఊడొచ్చే జారుముడి. ముఖపత్రం ముడి ఉన్నవైపే ఉండాలి, లేకపోతే అతిథి విప్పి జనానికి చూపించేది బార్‌కోడ్‌ని. ఇవన్నీ కుర్రాడికి చెబుతూనే ఉంటారు. కానీ వాడు అంతకుముందు కొరియర్ ఆఫీసులో పనిచేశాడు. పార్సిల్ అంటే విజయనగరం దాకా వెళ్ళినా విప్పుకోకూడదన్నది వాడి సిద్ధాంతం. నాలుగు అంచులకీ రెండంగుళాల బ్రౌన్ టేపు వేసి, రిబ్బన్ని రెండు చుట్లు తిప్పి పీటముడి వేస్తాడు.

6:15 అయింది, మైకు. ట్రాలీ స్పీకరు, చేత్తో పట్టుకునే కార్డ్‌లెస్ మైకు. స్పీకర్ని అందంగా ఉంటుందని వేదిక వెనక పెడతారు, అది వక్త చెవి పక్కన కీచుమంటుంది. స్పీకరు శబ్దం మైకులో దూరి, మళ్ళీ స్పీకర్లో పెద్దదై, మళ్ళీ మైకులో దూరుతుంది, అంతే దాని కథ. స్పీకరు వేదికకి ముందు, జనంవైపు తిరిగి ఉండాలి, మైకు దాని వెనక ఉండాలి. మైకు తలని గుప్పిట్లో మూస్తే కీచు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు అది ముందువైపే కాక అన్నివైపుల శబ్దాన్నీ లాక్కుంటుంది. వక్తలందరూ కీచు వినగానే చేసే మొదటి పని దాన్ని గుప్పిట్లో మూయడమే. మైకులో రెండు పెన్సిల్ సెల్లులుంటాయి. వాటిలో సగం పిల్లలు 'హలో హలో, వన్ టూ త్రీ' అన్నప్పుడే అయిపోతుంది, కొత్త జత జేబులో ఉంచుకోవాలి.

ఆరున్నర. "ఇప్పుడు ముఖ్య అతిథి చేతుల మీదుగా..." చప్పట్లు. ఏడుగురూ ఏడు పొట్లాలు అందుకుంటారు. రిబ్బను లాగుతారు, రాదు. నవ్వుతూ లాగుతారు. ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి సార్" అంటాడు. ముఖ్య అతిథి ఇటు చూస్తూ గోటితో గీకుతుంటారు. అధ్యక్షులు జేబులోంచి స్కూటరు తాళం తీస్తారు. విమర్శకులు, వృత్తిధర్మం ప్రకారం, పళ్ళు వాడతారు. షాపు ఓనరు వేదిక పక్కనుంచి పెదవులు కదపకుండా అడుగుతాడు:

"కత్తెర ఎక్కడ పెట్టావురా?"

"ఇక్కడే ఉండాలన్నా."

"ఇక్కడంటే?"

"ఇక్కడే అన్నా."

చప్పట్లు కొట్టినవాళ్ళు చేతులు నొప్పెట్టి ఆపుతారు, మళ్ళీ జాలిపడి మొదలుపెడతారు. చివరికి తాళానిదే గెలుపు. కాగితంతోపాటు ముఖపత్రం మూల కూడా పావంగుళం చిరుగుతుంది. ఫొటోలో ఆ మూల మీద అధ్యక్షుల బొటనవేలు ఉంటుంది, చూసినవాళ్ళకి ఆయన పుస్తకాన్ని గట్టిగా సమర్థిస్తున్నట్టు అనిపిస్తుంది.

ఇక ప్రసంగాలు. "రెండు మాటలు" అంటే తెలుగులో పదిహేను నిమిషాలు. ఏడుగురికి ఏడు పదిహేనులు, నూట అయిదు నిమిషాలు. రచయితని చివర్లో పెడితే రాత్రి 8:20కి, ఆఖరి వరసకి తన పుస్తకం వినిపిస్తాడు. ఈ తప్పు మాత్రం దయచేసి చెయ్యకండి. రచయిత చదవడం ముందు పెట్టండి. నాలుగు పేజీలు చాలు, నిదానంగా చదివితే ఎనిమిది నుంచి పది నిమిషాలు. కవులైతే విడి కాగితాలు తేకుండా చూడాలి. సీలింగ్ ఫ్యానుకి వచనం, కవిత్వం తేడా తెలియదు. మూడో కాగితం ఎగిరి పిల్లల పుస్తకాల ర్యాకు వెనక పడితే, కవిత రెండోదాని నుంచి నాలుగోదానికి దూకుతుంది. ఎవరూ గమనించరు. కొందరు బాగా మెచ్చుకుంటారు కూడా.

అందరూ మర్చిపోయేది ఇంకోటుంది, కౌంటర్ మీద డబ్బులు చెప్పే సౌండ్ బాక్సు. కవిగారు అమ్మ మీద రాసిన కవిత చదువుతుంటారు. గొంతు బొంగురుపోతుంది. "చివరిసారి అమ్మ నా అరచేతిలో పెట్టింది..." అని ఆగుతారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప హాల్లో ఏమీ లేదు. ముందు వరసలో ఒకావిడ కొంగు కళ్ళకి ఒత్తుకుంటారు. అప్పుడు కౌంటర్ మీదనుంచి నిండైన ఆడగొంతు:

"నూట యాభై రూపాయలు అందాయి."

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటారు, అవధాని ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. కానీ ఆయనకి కూడా ఇంత సమయస్ఫూర్తి ఉండదు. సభ మొదలయ్యే ముందు బాక్సు గొంతు బాగా తగ్గించాలి. పూర్తిగా కట్టేస్తే మాత్రం రద్దీలో ఎవరు కట్టారో, ఎవరు ఫోను చూపించి వెళ్ళిపోయారో తేలదు. అదలా ఉంచితే, ఆ మాట విన్నాక రచయిత ముఖం వెలిగిన మాట నిజం. ఎవరో ఒకరు కొన్నారు.

ప్రశ్నల సమయంలో మైకు శ్రోత చేతికి ఇవ్వకూడదు. షాపు మనిషే పట్టుకుని నోటి ముందు పెట్టాలి. ఇస్తే, "నాదొక చిన్న ప్రశ్న" అని లేచినాయన 1978లో తను రాసిన నవల కథంతా చెప్పి, ప్రశ్న లేకుండానే కూర్చుంటారు.

సంతకాలకి బాల్‌పెన్ను మేలు. జెల్ పెన్ను మామూలు కాగితం మీద కాసేపటికి ఆరుతుంది కానీ, నున్నటి ఆర్ట్ పేపరు మీద ఆరదు. మూసి తెరిస్తే ఎదుటి పేజీలో కూడా సంతకం ఉంటుంది, తిరగేసి. వరసలో నిలబడ్డవాళ్ళ చేత ముందే చీటీ మీద పేరు రాయించుకోవాలి. 'మాధవి'లో ధ ఒత్తు పోయినా, 'సంధ్య' 'సంద్య' అయినా, ఆ కాపీ ఇంక ఎవరికీ అమ్ముడుపోదు.

టీ 3 లీటర్ల ఫ్లాస్కు, 75 మిల్లీలీటర్ల కప్పులైతే నలభై. ఫ్లాస్కుని బిల్లు కౌంటర్ దాటాక పెట్టాలి, అప్పుడే టీకి వచ్చినవాళ్ళు పుస్తకాన్ని కనీసం చూస్తూ వెళ్తారు. పక్కన ఉస్మానియా బిస్కెట్లు చాలు. మిర్చి బజ్జీ పెడితే రేపు ప్రతి తెల్లఅట్ట మీదా వేలిముద్రలు తీసుకోవచ్చు, పోలీసులకి పనికొస్తాయి.

తొమ్మిదింటికి లెక్క. పుస్తకం ధర 200, సభలో పాతిక శాతం తగ్గింపు, 150. షాపుకి నలభై శాతం కమిషన్ అనుకుంటే, తగ్గింపు అందులోంచే పోతుంది కాబట్టి మిగిలేది పుస్తకానికి 30 రూపాయలు. 22 అమ్ముడయ్యాయి, 660. అందులోంచి కుర్చీల అద్దె, టీ, బిస్కెట్లు. ఆ తర్వాతి లెక్క ఓనరు మనసులోనే వేసుకుంటాడు.

మిగిలిన కాపీలు లెక్కపెట్టాలి కదా, బల్ల కింద పెట్టె బయటికి లాగుతారు. కుర్రాడి కొరియర్ సిద్ధాంతం దీనికీ వర్తించింది, మూడు చుట్ల బ్రౌన్ టేపు. "కత్తెర..." అని ఓనరు నోరు తెరిచి మూసుకుంటాడు. అధ్యక్షుల స్కూటరు తాళం వాళ్ళింటికి వెళ్ళిపోయింది. షాపు తాళంచెవితో టేపు చీల్చి మూత తెరిస్తే, పైన నారింజరంగు పిడులు. తీసి చూస్తే కింద పుస్తకం అట్ట మీద కత్తెర అచ్చు దిగింది, రెండు రింగులతో సహా.

"ఇది అమ్మలేం కదన్నా?" అంటాడు కుర్రాడు.

"పక్కన పెట్టు. పేపరుకి సమీక్షకి పంపుదాం."