పిట్టగారి స్నానం

మా ఇంట్లో ఇప్పుడు ఎవరికైనా స్నానం చేయించాలంటే వారి అంగీకారం తప్పనిసరి. ప్రస్తుతానికి ఈ నియమం ఒక్కరికే వర్తిస్తుంది. వారి బరువు 40 గ్రాములు దాటదు.

షాపులో లవ్ బర్డ్ అని అమ్మారు. మన దగ్గర బడ్జీలనే బుల్లి చిలకలన్నిటినీ లవ్ బర్డ్స్ అనే అంటారు. అసలు లవ్ బర్డ్స్‌ది ఆఫ్రికా, మా వాడిది ఆస్ట్రేలియా. రామచిలకను పంజరంలో పెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఫారిన్ సంబంధం చూసుకున్నాం.

మొదటి ఆదివారమే మా అమ్మ కుంకుడుకాయలు కొట్టింది. మోకాళ్ల మధ్య నా తల ఇరికించి, కళ్లు మండుతున్నాయని ఏడిస్తే నోట్లో ఉప్పుకల్లు వేసి, మళ్లీ రుద్దిన చెయ్యి అది. "నాలుగు చెంబులు పోస్తే అదే అలవాటు పడుతుందిరా" అంది. పిట్ట తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుందనీ, ఆ నూనె ముక్కుతో తీసి ఈకలకు రాసుకుంటుందనీ, కుంకుడు రసమైనా సబ్బైనా దాన్ని కడిగేస్తుందనీ విన్నవించాను. "అంటే నూనె అంటుకోవడం దానికే వచ్చన్నమాట" అని ఆవిడ వెనక్కి తగ్గింది. నలభై ఏళ్లలో ఇదే మొదటిసారి.

ఇక బుజ్జగింపుల పర్వం. వెడల్పాటి మట్టి మూకుడులో వేలు మందాన నీళ్లు పోసి, రెండు రోజులు పంజరం బయట చూపుకు పెట్టాం. మూడో రోజు లోపల పెట్టాం. వారు అంచు మీద వాలారు. తల పక్కకు వంచి ఒక కంటితో నీళ్లను పరిశీలించారు. ఒక గోరు ముంచారు, తీశారు, విదిలించారు, ఉయ్యాల ఎక్కి మాకు వీపు చూపించారు. స్ప్రే సీసాతో మొహం మీద కాకుండా పైనుంచి మంచులా పడేట్టు కొడితే, రెక్క కాస్త ఎత్తినట్టే ఎత్తి దించేశారు. బలవంతం చేస్తే నీళ్లంటేనే భయం పట్టుకుంటుంది కాబట్టి ఇంటిల్లిపాదీ నోరు మూసుకున్నాం.

తొమ్మిదో రోజు పచ్చడికని కడిగిన కొత్తిమీర కట్టను పంజరానికి కట్టానో లేదో, అందులో దూరి, పొట్ట రాసి, బుర్ర రుద్ది, ఆకులన్నీ పీకి నానా హంగామా చేశారు. సొంతూళ్లో వీళ్లు తడి గడ్డిలో దొర్లే రకమట. మూకుడు దండగ. పచ్చడి కూడా.

తడి ఆరేదాకా గాలి తగలకూడదని ఫ్యాన్ ఆపాం. మే నెల, విజయవాడ. హెయిర్ డ్రయర్ పెడదామా అంటే, కొన్నింటి లోపలి నాన్‌స్టిక్ పూత బాగా వేడెక్కితే వచ్చే పొగకు పిట్టలు చచ్చిపోతాయట. సాయంత్రం చలి తగలకుండా పొద్దున్నే స్నానం అయిపోవాలి కూడా. సరే, చెమటలు కక్కుతూ అందరం వారి ఈకలు ఆరడం చూస్తూ కూర్చున్నాం.

ఇదంతా గమనిస్తున్న మా పదకొండేళ్లవాడు మర్నాడు స్నానానికి లేవమంటే ముసుగు తియ్యలేదు. "నాన్నా, బకెట్‌ను రెండు రోజులు గది బయట పెట్టండి. ముందు చూస్తాను" అన్నాడు.

మా అమ్మ లోపల మళ్లీ కుంకుడుకాయలు కొడుతోంది.