దిమ్మె మీద రాయున్రి

మొన్న యాసంగిల మా బాయికాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. వరి పొట్టకొచ్చిన టైము. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే "దించి తీసుకరాన్రి" అన్నడు. పదకొండు మోటార్లోళ్లం తలా ఇంత ఏసుకొని, ట్రాక్టర్ కిరాయికి మాట్లాడి, మేమే దించి, మేమే రిపేరు సెంటరుకు మోసుకపోయినం. ఆరో రోజు కరెంటొచ్చింది. అప్పటికే మా కాక మడి నెర్రెలు బారింది.

ఊర్లల్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలితే 48 గంటల్ల మార్చాలె, లేకుంటే పరిహారం ఇయ్యాలె. ఇది నేను చెప్పేది కాదు, కరెంటు రేట్లు, రూల్స్ పెట్టే కమిషన్ ఈఆర్సీ రూలు. నాకు తెలిసి కూడా అడగలే. రేపు మళ్ల ఆ లైన్‌మన్‌తోనే పని కదా!

అందుకే ఇంటింటికి కరెంటిచ్చే సర్కారు కంపెనీలు, డిస్కంలను ప్రైవేటుకియ్యాలె అంటే నాకు కోపం రాదు. అనుమానమొస్తది. ఢిల్లీని చూడు అంటరు. 2002ల ఇచ్చిన్రు, సగం దాక పోయే కరెంటు నష్టం సింగిల్ డిజిట్‌కు దిగింది, నిజమే. ఢిల్లీల బోరు మోటార్లెన్ని సారూ? ఒడిశా ముచ్చట మాత్రం ఎవ్వరెత్తరు. 1999ల అక్కడ ప్రైవేటుకిచ్చిన్రు. అదే ఏడు పెద్ద తుఫాను కొట్టింది, అమెరికా కంపెనీ ఏఈఎస్ 2001లనే మూటముల్లె సర్దుకున్నది.

ఇక్కడ టెండరేస్తే హైటెక్ సిటీకి ఎగబడతరు. చందంపేట గుట్టల్ల పోయే లైనుకు ఎవడొస్తడు? హైదరాబాద్, పాలమూరు, నల్లగొండ ఒకే డిస్కం కింద ఉన్నయి కాబట్టి పట్నంల షాపులు, ఫ్యాక్టరీలు కట్టే ఎక్కువ రేటు మాకు ఆసరైతుంది. మిగిలింది సర్కారు సబ్సిడీ. అది ముందుగాలనే కట్టాలని 2003 కరెంటు చట్టం 65వ సెక్షన్ల ఉన్నది, సదువుకోన్రి.

సంస్కరణ అంటే మా నాయినకు యాదికొచ్చేది 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్ కాల్పులు. కరెంటు బోర్డును ముక్కలు చేసిన్రు, రేట్లు పెంచిన్రు, అడిగితే తుపాకులు పేలినయి.

మా మోటార్లకు మీటర్లు లేవు, నిజమే. అట్లని ఎక్కడ కొక్కెం తగిలించినా, ఎక్కడ లీకైనా, అంచనా లెక్కల రైతు ఖాతాలనే రాస్తే ఎట్ల? మోటారుకు వద్దు, ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెట్టున్రి. ఎంత పోతున్నదో తేలుతది. ఓనరు సర్కారైనా సేటైనా ఆ 48 గంటల రూలు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద పెయింటుతో రాయున్రి, కింద ఫోన్ నంబరుతో. ఇప్పుడైతే ఆడ బోరు బండోళ్ల నంబరున్నది.